పాదాల కుస్తీ

“నాకు నేర్పిందే వాడికీ నేర్పారా, అత్తయ్యా?”

నిన్న సాయంత్రం ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి కోడలు ఇదే ప్రశ్న అడుగుతోంది. అత్తగారు వినపడనట్టే స్టవ్ మీది గిన్నె దించింది. దాని మీద మూత పెట్టింది. ఆ మూత సరిగ్గా కూర్చుందో లేదో చూడటంలో మునిగిపోయింది. ఆవిడవి పాము చెవులు. పక్కింటివాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవి కూడా ఆవిడకి వినపడతాయి. వినకూడదనుకున్నవి మాత్రం ఎదురుగా నిలబడి అడిగినా వినపడవు.

బల్ల దగ్గర పెద్దకొడుకు తలొంచుకుని తింటున్నాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన లిఫ్టులోంచి జనాన్ని బయటికి తియ్యడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. తల్లికీ భార్యకీ మధ్య తనే ఇరుక్కున్నప్పుడు ఏ మీట నొక్కాలో మాత్రం ఇన్నేళ్ళ కాపురంలోనూ తెలిసిరాలేదు.

“అడుగుతోంది కదమ్మా, చెప్పెయ్యరాదూ,” అన్నాడు పళ్ళెంలోకి చూస్తూ.

“నువ్వు తిను,” అంది తల్లి.

“మీరు తినండి,” అంది భార్య.

అతను తిన్నాడు.

కోడలిది ఎముకల పరిశోధన. విరిగినవి అతికించే డాక్టరు కాదామె. అంతరిక్షంలో నెలల తరబడి తేలుతూ బతికే వ్యోమగాముల ఎముకలూ కండలూ ఎంత వేగంగా కరిగిపోతాయో, ఆ కరగడాన్ని ఎలా ఆపాలో చూసే డాక్టరు. బరువు తెలియని చోట కాళ్ళకి పనుండదు. పనిలేని కాళ్ళు చిక్కిపోతాయి. దీన్ని పరీక్షించడానికి అందర్నీ పైకి పంపలేరు గనక నేల మీదే ఒక ఉపాయం పన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని తెచ్చి, తల వైపు కాస్త కిందికి వంచిన మంచాల మీద వారాల తరబడి పడుకోబెడతారు. తిండి, స్నానం అన్నీ పడుకునే. లేచి కూర్చోకూడదు, తల కింద దిండు పెట్టుకోకూడదు. కొన్నాళ్ళకి శరీరం తాను నిజంగానే అంతరిక్షంలో ఉన్నాననుకుని మోసపోతుంది.

అలా పడుకోవడానికి ఒప్పుకున్నవాళ్ళలో ఈ ఇంటి చిన్నకొడుకు ఒకడు. బళ్ళో డ్రిల్లు మాస్టారు. ఇంట్లో మాత్రం అతని పేరు బొంగరం. తిరుగుతున్నంతసేపే నిలబడతాడని తండ్రి బతికున్న రోజుల్లో పెట్టిన పేరది. సంగీతం సగంలో వదిలేశాడు, కాలేజీ సగంలో వదిలేశాడు, వంట నేర్చుకుంటానని కూర్చుని ఉల్లిపాయ సగం కోసి వదిలేశాడు. అలాంటివాడు వారాల పాటు కదలకుండా పడుకుంటానంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. “పైకి వెళ్ళేవాళ్ళకి నా కాళ్ళు అరువిస్తున్నాను వదినా,” అని నవ్వుతూ వెళ్ళాడు. ఆశ్చర్యమేమిటంటే, వెళ్ళినవాడు చెప్పినట్టే పడుకుని ఉన్నాడు. పరీక్ష ఇంకొద్ది రోజుల్లో అయిపోతుంది.

పరీక్షలో రెండు వార్డులున్నాయి. పై వార్డువాళ్ళు మంచం దిగకుండానే ఒక పెద్ద యంత్రాన్ని రోజూ కాళ్ళతో తొక్కుతారు. కింది వార్డువాళ్ళు ఊరికే పడుకుంటారు. ఈ కాళ్ళకీ ఆ కాళ్ళకీ ఉన్న తేడాయే ఆ యంత్రం విలువ. బొంగరం కింది వార్డు. ఇంటి మనిషి గనక అతని పరీక్షలు వదిన చెయ్యకూడదని, స్కాన్ బొమ్మలు కూడా పేర్లు తీసేసి ఉత్త నంబర్లతోనే ఆమెకి ఇవ్వాలని పెద్ద డాక్టరు ముందే కట్టడి చేశారు.

నిన్న మధ్యాహ్నం ఆ బొమ్మలు చూస్తూ ఆమె ఒకచోట ఆగిపోయింది. కింది వార్డులో అందరి పిక్కలూ చిక్కిపోయాయి. ఒకడివి మాత్రం మాస్టారి మాట విననట్టు ఎప్పటిలాగే ఉన్నాయి. స్కాన్ తప్పేమో అనుకుని మోకాలి కింది ఎముకని పెద్దది చేసి చూసింది. ఎప్పుడో విరిగి అతుక్కున్న గీత ఒకటి అడ్డంగా కనిపించింది.

ఆ గీత ఆమెకి తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలో, బడి ఎగ్గొట్టి గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్న చిన్న మరిదిని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది తనే. కట్టు విప్పేదాకా ఆ కాలిని తలగడ మీద పెట్టి కాపలా కాసింది కూడా తనే. నంబరు వేసినంత మాత్రాన ఆ కాలు పరాయిదైపోతుందా?

ఎవరి కాలో తెలిశాక ఎందుకలా ఉందో తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. ఒకసారి విషజ్వరంతో తను మంచాన పడ్డప్పుడు అత్తగారు తనకీ ఒక విద్య నేర్పింది.

“నేర్పాను,” అంది అత్తగారు, మూతని చూస్తూనే. “నేర్పితే ఏమైందిట?”

గిన్నె పక్కకి జరిపి, కుర్చీ లాక్కుని, కోడలి వైపు కాకుండా పెద్దకొడుకు వైపు తిరిగి మొదలుపెట్టింది. బొంగరం కడుపులో పడ్డప్పుడే తిన్నగా ఉండలేదట. కాలు కింద పెడితే బిడ్డ నిలవడని డాక్టరమ్మ నెలల తరబడి మంచం దిగనివ్వలేదట. పక్క మంచం ఆవిడ అలాగే పడుకుని పడుకుని, కాన్పయ్యాక లేవబోయి కుప్పకూలిపోయిందట. అది చూసి తను హడలిపోతే, అక్కడి నర్సు ఈ పాదాల కుస్తీ నేర్పిందట. ఒక పాదం మీద ఇంకో పాదం వేసుకోవాలి. పైది కిందికి నొక్కాలి, కిందది పైకి లేవాలి. ఏదీ గెలవకూడదు.

“పిల్లాణ్ణి ఎత్తుకుని నా కాళ్ళ మీద నేను నడుచుకుంటూ ఇంటికొచ్చాను,” అంది. “ఆ పిల్లాడే వాడు. పడుకున్న కొత్తలో చూడ్డానికెళ్తే దుప్పటి తొలిగి కాళ్ళు కనపడ్డాయి. డ్రిల్లు మాస్టారి కాళ్ళా అవి? అప్పుడే వెదురు పుల్లలవుతున్నాయి. నా కడుపు తరుక్కుపోయింది. వంగి చెవిలో చెప్పాను.”

“వ్యాయామం చెయ్యకూడదని వాడు ఒప్పుకుని పడుకున్నాడు అత్తయ్యా.”

“మంచం దిగాడా? దిండు పెట్టుకున్నాడా? వాడి పాదాలు ఒకదాన్నొకటి పలకరించుకోవడం కూడా తప్పేనా?”

పెద్దకొడుక్కి నవ్వొచ్చింది. భార్య మొహం చూసి ఆ నవ్వుని ముద్దతో పాటు మింగేశాడు.

“వాడి కాళ్ళు చిక్కిపోవాలనే పడుకోబెట్టాం,” అంది కోడలు మెల్లగా.

ఆ మాట అన్నాక ఆమెకే ఎలాగో అనిపించింది. తల్లితో అనే మాటేనా అది? అత్తగారు లేచి వెళ్ళి, నిండుగా ఉన్న నీళ్ళ జగ్గుని ఇంకోసారి నింపడానికి కుళాయి కింద పెట్టింది. నీళ్ళు పొర్లిపోయాయి. కోడలే వెళ్ళి కుళాయి కట్టేసింది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

కాసేపటికి అత్తగారే దిగివచ్చింది. ఇవాళ ఎలాగూ బంధువుల్ని లోపలికి రానిచ్చే రోజే గనక తనే వెళ్ళి మానెయ్యమని వాడితో చెప్తానంది. చూసీ చూడనట్టు వదిలెయ్యమంది. ఇప్పుడు మానేసినా లాభం లేదని, తను పెద్ద డాక్టరుతో చెప్పి తీరాలని కోడలు అంది.

“చెప్తే వాణ్ణి పంపించేస్తారు కదూ?”

“పంపించేస్తారు.”

“వాడికి బుద్ధెరిగాక చివరిదాకా చేస్తున్న పని ఇదొక్కటే. ఫోన్ చేసినప్పుడల్లా అదే చెప్తాడు, ఈసారి సగంలో వదల్లేదు చూశావా అమ్మా అని. నీ చేతుల్లో పెరిగాడు వాడు. నోటి దగ్గరి కూడు నువ్వే లాగేస్తావా?”

ఈ మాట కోడలికి తగలాల్సిన చోటే తగిలింది. నిన్న మధ్యాహ్నం నుంచి తనని తను అడుక్కుంటున్నదీ ఇదే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని అత్తగారు చూడకూడదని బల్ల వైపు తిరిగింది. బల్ల దగ్గర మొగుడు చూశాడు. చూసి ఏం చెయ్యాలో తెలియక మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు.

ఆమె తాగింది. తర్వాత ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేసింది.

“కెప్టెనమ్మ ఈ కుర్చీలోనే కూర్చుంది అత్తయ్యా. గుర్తుందా?”

గుర్తు లేకపోవడమేమిటి? అంతరిక్షంలోంచి తిరిగొచ్చిన కొత్తలో ఆ కెప్టెన్ ఒక సాయంత్రం ఈ ఇంటికి భోజనానికి వచ్చింది. అత్తగారు దగ్గర కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. తిన్నాక లేవబోతే లేవలేక, నవ్వుతూ అత్తగారి భుజం పట్టుకుంది. ఆ నవ్వు చూసి అందరూ నవ్వారు. ఆ తర్వాత కొద్ది రోజులకే పరిశోధన కేంద్రం మెట్లు దిగుతూ కాలు మడతపడి తుంటి ఎముక విరిగింది. అది అతుక్కునేదాకా అత్తగారు తనే వండి ఆస్పత్రికి క్యారియర్ పంపించింది.

ఆ కెప్టెనమ్మే ఇప్పుడు అంతకన్నా చాలా దూరం, చాలా కాలం వెళ్తోందని కోడలు చెప్పింది. నౌక కట్టేవాళ్ళు బరువు తగ్గించండని వెంటపడుతున్నారు. వ్యాయామం చేసే పెద్ద యంత్రం ఉంచాలా, చిన్నది చాలా అన్నది ఈ రెండు వార్డుల కాళ్ళని చూసే తేలుస్తారు.

“ఊరికే పడుకున్నవాడి కాళ్ళు కూడా ఇంత బాగున్నాయంటే పెద్ద యంత్రం దండగ అంటారు. చిన్నదిచ్చి పంపిస్తారు. మన బొంగరం కుస్తీ పట్టాడని ఆవిడ ఎముకలకి తెలియదు కదత్తయ్యా.”

అత్తగారు కుర్చీని చూస్తూ నిలబడిపోయింది. పొర్లిన నీళ్ళు గట్టు మీంచి కిందికి కారుతున్నాయి. ఎవరూ తుడవలేదు.

“ఆ పిల్ల మళ్ళీ వెళ్తోందా?”

“వెళ్తోంది.”

ఆవిడ లోపలికి వెళ్ళింది. గదిలో బీరువా తలుపు చప్పుడైంది. బయటికి వెళ్ళేటప్పుడు కట్టుకునే బట్టలు కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది.

“పద. తప్పు చేసినదాన్ని నేను బతికుండగా నువ్వెళ్ళి చాడీలు చెప్పడమేమిటి? నేనే చెప్తాను.”

పెద్దకొడుకు వాళ్ళని తన పనుల వ్యాన్‌లో తీసుకెళ్ళాడు. వెనక ఇనప తాళ్ళ చుట్టలూ, గ్రీజు డబ్బాలూ. ముందు సీట్లో అత్తాకోడళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. దారిలో రెండుసార్లు ఫోన్ మోగింది. ఎక్కడో లిఫ్టులో జనం ఇరుక్కున్నారట. ఇంకొకర్ని పంపించమని అతను చెప్పాడు. ఇంట్లోవాళ్ళని ఇంకా బయటికి తియ్యలేదు, లిఫ్టులోవాళ్ళ సంగతి తర్వాత చూద్దామనుకున్నాడు కాబోలు.

సగం దారిలో అత్తగారు నోరు విప్పింది. పంపించేస్తే వాడు ఇంటిదాకా నడవగలడా అని అడిగింది. వెంటనే నడవనివ్వరని, ముందు మంచం మీద కూర్చోబెట్టి, కళ్ళు తిరక్కుండా చూసి, చెయ్యి పట్టుకుని అడుగులు నేర్పిస్తారని కోడలు చెప్పింది. ఎవరు పట్టుకుంటారని ఆవిడ అడిగింది. నేనే పట్టుకుంటానంది కోడలు. ఆవిడ తన చేతిసంచిని రెండో చేతిలోకి మార్చుకుని, ఖాళీ అయిన చేతిని కోడలి మోకాలి మీద పెట్టింది. దిగేదాకా తియ్యలేదు.

పరిశోధన కేంద్రంలో పెద్ద డాక్టరు ఇంకా రాలేదు. అత్తగారూ కొడుకూ నడవాలో బల్ల మీద కూర్చున్నారు. పెద్ద డాక్టరు ఎదుటికి వెళ్ళేలోపు వాడికి ఒక మాట చెప్పి వస్తానని, డాక్టరు కోటు విప్పి చేతి మీద వేసుకుని, కోడలు కింది వార్డులోకి వెళ్ళింది. మరిది ఉన్న వార్డు గనక డాక్టరుగా ఆ గడప దాటకూడదు. వదినగా దాటవచ్చు.

పొడుగాటి గది. రెండు వైపులా మంచాలు, అన్నీ తల వైపు కిందికి జారుతున్నట్టు వంగి ఉన్నాయి. కొత్తగా చూసేవాళ్ళకి మనుషులందరూ తలకిందులుగా కారిపోతున్నారేమో అనిపిస్తుంది. ఒకతను పడుకునే చదవడానికి వీలయ్యే కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం చదువుతున్నాడు. కిటికీ పక్క మంచం మీద బొంగరం, వంగిన గొట్టంతో ఏదో తాగుతున్నాడు. మొహం ఉబ్బి గుండ్రంగా ఉంది. తల కిందికి వంచి పడుకుంటే అందరి మొహాలూ అలాగే ఉబ్బుతాయి. అయినా ఆమెకి మాత్రం వాడు మళ్ళీ చిన్నప్పటిలా బొద్దుగా అయినట్టుంది.

“డాక్టరు కోటు విప్పేసి వచ్చావంటే తిట్టడానికే వచ్చావన్నమాట,” అన్నాడు.

ఆమె నవ్వలేదు. అతని కాళ్ళ దగ్గర కూర్చుని, దుప్పటి మీంచే పిక్క పట్టుకుని చూసింది. అతను తాగడం ఆపేశాడు.

“స్కాన్‌లో తెలిసిపోతుందా?” అన్నాడు.

“గోడ దూకిన గీత కూడా తెలుస్తుంది.”

పక్క మంచం మీద తాపీమేస్త్రీ ఒకాయన కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తున్నాడు. బొంగరం చిన్న గొంతుతో చెప్పుకొచ్చాడు. మొదట తప్పనిపించి మానేశాడట. తర్వాత వారం అమ్మ వచ్చి, ఏమీ అడక్కుండా దుప్పటి వైపు చూసిందట. ఆ చూపు తట్టుకోలేక మళ్ళీ మొదలుపెట్టాడట. మంచం దిగలేదు కదా, యంత్రం ముట్టుకోలేదు కదా, అమ్మ సంతోషం కోసం పాదాలు రెండూ కలిపితే ఎవరికి నష్టం అనుకున్నాడట.

ఎవరికి నష్టమో ఆమె చెప్పింది. యంత్రం సంగతి, కెప్టెనమ్మ సంగతి. వింటున్నకొద్దీ అతని ఉబ్బిన మొహంలో నవ్వు మాయమైపోయింది.

“పెద్ద డాక్టరుగారితో చెప్పక తప్పదురా. నిన్ను ఇంటికి పంపించేస్తారు. నీ ఒక్కడి లెక్క తీసేస్తే మిగతావాళ్ళ పరీక్ష ఆగదు. అదొక్కటే నయం.”

ఆ మాటకి అతను కళ్ళు మూసుకున్నాడు. తనని పంపించేస్తారన్నందుకే బాధపడుతున్నాడనుకుని ఆమె అతని పాదం నిమిరింది. ఇంటికొచ్చాక అందరం ఉన్నాం కదా అంది. నువ్వు వదిలేసింది కాదు ఇది, మేం లాక్కొస్తున్నది అంది.

“అది కాదు వదినా.”

“మరేంటి?”

“నేనొక్కణ్ణే కాదు.”

ఆమెకి ముందు అర్థం కాలేదు. అప్పుడు పక్క మంచం మీద తాపీమేస్త్రీ కళ్ళు తెరిచి, పైకప్పుకేసి చూస్తూ, తనకి రోజూ కాళ్ళు పట్టేస్తుంటే తనే మాస్టార్ని అడిగానని చెప్పాడు. మాస్టారు నేర్పాడు. అతన్ని చూసి అవతలి మంచం అతను అడిగాడు. తర్వాత అందరూ అడిగారు. రోజూ సాయంత్రం స్నానాలయ్యాక, దుప్పట్లు కప్పుకుని, మాస్టారు మెల్లగా లెక్కపెడుతుంటే వార్డంతా కలిసి కుస్తీ పడుతోంది. పోయినసారి స్కాన్ అయ్యాకే ఇదంతా మొదలైంది. నిన్న ఆమె చూసినవి ఆ స్కాన్ బొమ్మలే, అందుకే వాటిలో ఇంకెవరూ దొరకలేదు.

డ్రిల్లు మాస్టారు గదా. నలుగురు మనుషులు ఒకచోట కనపడితే వరసలో పెట్టి లెక్కపెట్టకుండా ఎలా ఉంటాడు? తల్లి ఒక్కడి చెవిలో చెప్పిన మాటని ఊరందరి డ్రిల్లు చేసి పెట్టాడు. ఆమెకి కోపం రావాల్సింది. కోపం కన్నా ముందు, సాయంత్రం వెలుతురులో దుప్పట్ల కింద ఇన్ని పాదాలు ఒక్కసారి బిగుసుకోవడం కళ్ళకి కట్టింది. ఏడవాలో నవ్వాలో ఆమెకే తెలియలేదు.

“చెప్పకపోతే?” అన్నాడు తాపీమేస్త్రీ, పైకప్పునే అడుగుతున్నట్టు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. బొంగరం ఒక్కడే తప్పుకుంటాడు. వచ్చే స్కాన్‌లో మిగతా అందరి కాళ్ళూ కాస్త కోలుకున్నట్టు కనిపిస్తాయి. అందరూ సంతోషిస్తారు. చిన్న యంత్రం నౌకెక్కుతుంది. ఆమె ఉద్యోగానికీ, ఈ మనుషుల పరువుకీ ఏమీ కాదు. ఇదంతా రెప్పపాటులో ఆమె బుర్రలో తిరిగింది. తిరిగినందుకే ఆమెకి తన మీద తనకి అసహ్యమేసింది.

తలుపు తెరుచుకుంది. ముందు అత్తగారు, వెనక పెద్ద డాక్టరు, ఆయన వెనక పెద్దకొడుకు. అత్తగారి మొహంలో నిన్నటి నుంచీ లేని కళ వచ్చింది. తిన్నగా చిన్నకొడుకు దగ్గరికి వచ్చి కాలి మీద చెయ్యి వేసింది.

“చెప్పేశానమ్మా,” అంది కోడలితో. “అన్నీ చెప్పేశాను. మహానుభావుడు, ఒక్క మాట కూడా అనలేదు. వీడొక్కణ్ణి తీసేస్తే సరిపోతుందట. తక్కినవాళ్ళ కష్టం ఎక్కడికీ పోదట.”

పెద్ద డాక్టరు మెత్తని మనిషి. చేతిలో ఫోను పట్టుకుని ఉన్నారు. నౌక కట్టేవాళ్ళు పొద్దుటి నుంచి రెండుసార్లు అడిగారని, అనుకున్న టైముకే లెక్కలిస్తామని చెప్పేస్తానని అన్నారు.

“ఇతన్ని తీసేస్తే మిగతావి శుభ్రమే కదమ్మా?”

ఆమె లేచి నిలబడింది. నోరు తెరిచేలోపే మంచం మీంచి మాట వచ్చింది.

“శుభ్రం కాదు సార్. వార్డు మొత్తానికి నేనే డ్రిల్లు చేయించాను.”

అత్తగారి చెయ్యి కొడుకు కాలి మీదే ఆగిపోయింది. మాస్టారిదేం తప్పు లేదని, తామే అడిగామని తాపీమేస్త్రీ పైకప్పుకి చెప్పాడు. పుస్తకం చదువుతున్నతను ఆ పుస్తకాన్ని గుండెల మీద బోర్లించుకున్నాడు. పెద్ద డాక్టరు గోడ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఒక్కసారిగా ఆయన వయసు మీదపడ్డట్టు కనిపించారు.

“నీకెప్పుడు తెలిసింది?” అని అడిగారు ఆమెని.

“వీళ్ళ సంగతి ఇప్పుడే తెలిసింది సార్. మా వాడి సంగతి నిన్న మధ్యాహ్నం.”

“నిన్న సాయంత్రం నా గదిలో కూర్చుని టీ తాగావు కదమ్మా.”

“తాగాను సార్.”

“అప్పుడెందుకు చెప్పలేదు?”

ఇంకొకసారి సరిచూసుకుందామని అనుకున్నానని చెప్పవచ్చు. అది సగం నిజం కూడా. అత్తగారూ మొగుడూ మరిదీ తనవైపే చూస్తున్నారు.

“నేను పెంచిన పిల్లాడు సార్. నోరు రాలేదు.”

పెద్ద డాక్టరు అక్కడే కూర్చుని ఫోన్ చేశారు. చూపించడానికి తమ దగ్గర లెక్కలేమీ లేవని, మళ్ళీ మొదటి నుంచి చేస్తామని, అప్పటిదాకా యంత్రం తగ్గించవద్దని చెప్పారు. అవతలివాళ్ళు ఏదో గట్టిగా మాట్లాడారు. ఆయన ఊఁ కొడుతూ విని పెట్టేశారు. తొందరగా మళ్ళీ చేసి చూపిస్తేనే పెద్ద యంత్రం, లేకపోతే చిన్నదే పెడతామన్నారట. ఇంత కాలం పడుకోగల మనుషుల్ని ఇప్పటికిప్పుడు ఎక్కణ్ణించి తెచ్చేది అని ఆయన ఎవరినీ అడగనట్టుగా అడిగారు.

“నన్ను పడుకోనివ్వండి సార్,” అన్నాడు బొంగరం. “మొదటి నుంచి.”

“ముందు నువ్వు లేచి నడవాలి. ఒంట్లో సత్తువ మళ్ళీ రావాలి. అప్పుడు మళ్ళీ పడుకోవాలి. ఈ కాళ్ళు ఇంతకన్నా అన్యాయంగా అయిపోతాయి. సగంలో వదిలేస్తే—”

“వదలను సార్.”

“నీ మీద నాకు అనుమానం లేదయ్యా,” అంటూ ఆయన అత్తగారి వైపు చూశారు.

అందరూ ఆవిడ వైపే చూశారు. ఆవిడ చెయ్యి ఇంకా కొడుకు కాలి మీదే ఉంది. దుప్పటి తొలిగిన చోట ఆ కాలిని మోకాలి నుంచి మడమ దాకా ఒకసారి నిమిరింది. తర్వాత దుప్పటి పాదాల దాకా లాగి, అంచులు పరుపు కిందికి దోపింది. రెండడుగులు వెనక్కి వచ్చి కోడలి పక్కన నిలబడింది.

“చిక్కిపోనివ్వండి,” అంది.

బొంగరం మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

పెద్ద డాక్టరు లేచారు. ఆవిడకి ఒక నమస్కారం పెట్టి, కోడలి ముందు ఆగి చెయ్యి చాపారు. నిన్న నోరు విప్పనందుకేనని ఆమెకి అర్థమైంది. మెళ్ళోంచి తన ఉద్యోగం కార్డు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. దాని మీద ఆమె ఫోటో, ఇక్కడ చేరిన కొత్తలో తీసింది, నవ్వుతూ ఉంది.

ఆయన దాన్ని జేబులో వేసుకోలేదు. తిరిగి ఇవ్వనూ లేదు. చేతిలో పట్టుకుని, ఆ ఫోటోని చూస్తూ అలాగే నిలబడ్డారు.